తలంటుకున్నా, ఒక్కపొద్దున్నా సగం తల పగిలిపోతోంది. ఇది మైగ్రేనేనా?

శ్రావణమేఘం
తలనొప్పి నాకు పెళ్ళికి ముందు నుంచే ఉంది గానీ ఈమధ్య బాగా ఎక్కువైంది. ఎక్కువసార్లు ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పాకుతుంది. నాడి కొట్టుకున్నట్టే అక్కడ దడదడా కొడుతుంది. మెట్లెక్కినా, వంగి ఇల్లు ఊడ్చినా ఇంకా పెరుగుతుంది. లైటు చూడలేను, కుక్కర్ విజిల్ భరించలేను. చివరికి వాంతి అవుతుంది, అయ్యాక కాస్త తేలిక. మర్నాడంతా ఒంట్లో సత్తువ ఉండదు, మాట కూడా నెమ్మదిగా వస్తుంది.

శుక్రవారం తలంటుకుని, జుట్టు ఆరకుండానే ముడి వేసుకుని పూజకి కూర్చున్న రోజు దాదాపు ఖాయంగా వస్తుంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే చుక్కని చూసే వేళకి నేను మంచం మీద ఉంటాను. మా అత్తగారు మంచి మనిషే, కానీ "మేమూ చేశాం ఉపవాసాలు, మాకెప్పుడూ రాలేదే" అంటారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా ఆయన స్కానింగ్ చేయిద్దామంటున్నారు. కళ్ళ డాక్టర్ సైట్ లేదన్నారు. ఒకరు సైనస్ అని యాంటీబయోటిక్ రాశారు, కోర్సంతా వాడాను, ఏమీ తగ్గలేదు.

తలస్నానానికి తలనొప్పి రావడం ఎవరికైనా ఉందా?

గుంటూరు_ఘాటు
మా అక్కకి అచ్చం ఇంతే. ఆమె తలంటు పోసుకున్న రోజు మేం ముందే టీవీ సౌండ్ తగ్గించేస్తాం.

ఏలూరు_కాలువ
తలలో నీరు దిగి ఉంటుందండీ. సాంబ్రాణి పొగ పట్టండి, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయండి. మా ఇంట్లో తరతరాలుగా ఇదే.

గుంటూరు_ఘాటు
ఏలూరు గారూ, మా అక్కకి సాంబ్రాణి వాసన తగిలితే నొప్పి ఇంకా ముదురుతుంది. అగరొత్తులూ అంతే, ఘాటు సెంటూ అంతే. పొగ పట్టమని అందరికీ చెప్పకండి.

జనరల్_వార్డు
జిల్లా ఆసుపత్రిలో ఓపీ చూస్తుంటాను. ఇక్కడ రాసింది చదివి జబ్బు తేల్చడం పద్ధతి కాదు, శ్రావణమేఘం గారు డాక్టర్‌ని కలవాల్సిందే. అయినా మేం ఏం చూస్తామో చెబుతాను.

నొప్పి ఒక పక్కనే రావడం, దడదడా కొట్టడం, రోజువారీ పని ఆపుకునేంత తీవ్రంగా ఉండడం, నడిచినా వంగినా పెరగడం. ఈ నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి. దాంతోపాటు వికారమో వాంతులో ఉండాలి, లేదా వెలుతురు, శబ్దం రెండూ పడకపోవాలి. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండాలి. ఇలాంటివి కనీసం 5 సార్లు వచ్చి ఉండాలి, వేరే కారణం ఏదీ కనబడకూడదు. మైగ్రేన్‌ని పోల్చుకునేది ఇలా మాట్లాడే. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్‌లో కనబడదు. ఇంకేదో జబ్బు కాదని తేల్చుకోవడానికే స్కాన్. ఏళ్ళుగా ఒకే తీరున వస్తూ, నరాల పరీక్ష మామూలుగా ఉంటే చాలామందికి స్కాన్ అవసరం పడదు.

తలస్నానం సంగతి నిజమే. ముంబై న్యూరాలజిస్ట్ కె. రవిశంకర్ గారు 2006లో ఒక అంతర్జాతీయ తలనొప్పి పత్రికలో, తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల గురించి రాశారు. పాశ్చాత్య దేశాల జాబితాల్లో అంతగా కనబడని ట్రిగ్గర్, అంటే నొప్పిని రేపే కారణం, ఇది. పొడుగు జుట్టు, తలంటు అలవాటు ఉన్న మన దగ్గర ఓపీలో తరచుగా వింటాం. కాబట్టి మీరు ఊహించుకుంటున్నది కాదు. నీరు దిగడం మాత్రం జరగదు. పుర్రెలోకి నీళ్ళు వెళ్ళే దారి లేదు.

శ్రావణమేఘం
డాక్టర్ గారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. చాలా థాంక్స్. మరి సైనస్ అన్నది? నొప్పి వచ్చినప్పుడు ముక్కు కారుతుంది, ఎడమ కన్ను నీళ్ళు పెడుతుంది. అందుకే నేనూ నమ్మాను.

జనరల్_వార్డు
ముఖానికీ, కంటికీ, మెదడు పొరలకీ స్పర్శ తెచ్చే నరం ఒకటే, ట్రైజెమినల్. మైగ్రేన్‌లో రేగేది అదే. అది రేగితే కన్ను నీళ్ళు పెడుతుంది, ముక్కు కారుతుంది, చెంప బరువెక్కుతుంది. అమెరికాలో 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అనుకుంటున్న దాదాపు 3000 మందిని పరీక్షిస్తే 88 శాతం మందివి మైగ్రేన్ తరహా నొప్పులుగా తేలాయి. అసలు సైనస్ ఇన్‌ఫెక్షన్ అయితే జ్వరం, చిక్కటి పసుపుపచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం లాంటివి ఉంటాయి. గంటల్లో వచ్చి, వాంతయ్యాక తగ్గిపోయి, పదిహేను రోజులకి మళ్ళీ రాదు.

నైట్‌షిఫ్ట్_నాని
హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్ పని. నాకు నొప్పికి ముందు కళ్ళలో సినిమా మొదలవుతుంది. చూపు మధ్యలో చిన్న చుక్క మాయమవుతుంది. దాని చుట్టూ మెరుస్తూ ఒక జిగ్‌జాగ్ గీత, అది మెల్లగా పెద్దదవుతూ పక్కకి జరుగుతుంది. స్క్రీన్ మీద పదంలో సగం కనబడదు. అరగంటకి పోతుంది. ఆ తర్వాత నొప్పి. మొదటిసారి వచ్చినప్పుడు పక్షవాతం అనుకుని టీమంతా హడలిపోయింది. మా లీడ్ కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు.

నాకు అర్థం కానిది ఒకటుంది. వారమంతా పని ఒత్తిడిలో బాగానే ఉంటాను. శనివారం హాయిగా మధ్యాహ్నం దాకా పడుకుంటే మాత్రం లేచేసరికి తల సిద్ధం. విశ్రాంతి తీసుకుంటే రావడమేంటి?

చార్మినార్_చాయ్
నాని భాయ్, శనివారం పొద్దున తాగాల్సిన కాఫీ మధ్యాహ్నం దాకా పడలేదు కదా. అదొకటి చూసుకో. మా ఇంట్లో రంజాన్ మొదటి రోజుల్లో ఇదే గొడవ. రోజుకి ఐదారు చాయ్‌లు తాగేవాళ్ళకి మొదటి రోజాల్లో సాయంత్రం అసర్ నమాజ్ వేళకి తల పగులుతుంది. మా అమ్మీకి మైగ్రేన్ ఉంది. రంజాన్‌కి రెండు మూడు వారాల ముందు నుంచే చాయ్ ఒక్కొక్క కప్పూ తగ్గిస్తుంది, తెల్లవారకముందు తినే సహ్రీలో కడుపునిండా నీళ్ళు తాగుతుంది. అలా చేసిన ఏడాది చాలా నయం.

పాలకొల్లు_పిల్ల
ఉపవాసం, జాగారం రెండూ కలిసే శివరాత్రి అయితే ఇక చెప్పక్కర్లేదు. తిండి లేదు, నిద్ర లేదు, గుడి మైకులు, జనం. మా పిన్ని ఏటా మర్నాడు చీకటి గదిలోనే.

జనరల్_వార్డు
చార్మినార్ గారు చెప్పింది సరైన మాట. కాఫీ, టీ అలవాటున్న ఒంటికి అది అందకపోతేనే తలనొప్పి వస్తుంది. నాని గారి శనివారం నొప్పిలో ఇంకో రెండున్నాయి. ఎక్కువ నిద్ర కూడా ట్రిగ్గరే. ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోయినప్పుడు రావడం కూడా బాగా తెలిసిన సంగతే. పరీక్షలు అయిపోయిన మర్నాడు, కూతురి పెళ్ళి అయిపోయిన మర్నాడు వచ్చే నొప్పులు అవే.

ఆ జిగ్‌జాగ్ గీతని ఆరా అంటాం. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో పావు వంతు నుంచి మూడో వంతు మందికి ఉంటుంది. 5 నిమిషాలకి పైగా మెల్లగా పాకుతూ, గంటలోపు పోతుంది. పక్షవాతం సాధారణంగా ఒక్కసారిగా కొడుతుంది, ఇలా పాకదు. అయినా జీవితంలో మొదటిసారి వచ్చినప్పుడు ఎమర్జెన్సీకి వెళ్ళడమే సరైన పని. మీ లీడ్‌కి దణ్ణం పెట్టాలి.

లెక్కల_టీచర్
ఆ గీత పాకడం వెనక చక్కటి లెక్క ఉంది, రాయకుండా ఉండలేకపోతున్నా. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్తకి ఆరా వచ్చేది. వచ్చినప్పుడల్లా తనకి కనిపించింది కాగితం మీద గీసి పెట్టుకున్నారు. గీత ఎంతసేపటికి ఎంత దూరం జరుగుతోందో కొలిచి, మెదడు వెనక భాగంలో ఏదో అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతోందని 1941లో లెక్కగట్టారు. 1944లో బ్రెజిల్‌కి చెందిన అరిస్టిడెస్ లియావో కుందేళ్ళ మెదడు మీద అలాంటి అలని, దాదాపు అదే వేగంతో, కళ్ళారా చూశారు. మెదడు కణాలు ఒక్కసారి రేగి, తర్వాత కాసేపు మూగబోతాయి. ఆ రేగడం మెరుపుగా, మూగబోవడం కనబడని చుక్కగా తెలుస్తాయి. చూపు సగం పోతున్నా ఆ మనిషి పెన్సిల్ పట్టుకున్నాడు చూడండి.

నైట్‌షిఫ్ట్_నాని
మాస్టారూ, ఇది చదివాక భయం సగం పోయింది.

ఏలూరు_కాలువ
ఇంత సైన్సు చెప్పారు, బాగుంది. అసలు ఏం తినకూడదో ఎవరైనా చెప్పండి. మా వీధిలో ఒకరికి చాక్లెట్, పెరుగు, నిమ్మ, అరటిపండు, వంకాయ, వేరుశనగ అన్నీ మానేయమన్నారట.

గుంటూరు_ఘాటు
ఆ జాబితాల జోలికి పోవద్దు. మా అక్క అవన్నీ మానేసి చిక్కి సగమైంది, నొప్పి మాత్రం ఒక్కపూట తగ్గలేదు. వేళకి తినకపోవడం కంటే పెద్ద ట్రిగ్గర్ ఆమెకి లేదు. ఇది తినకూడదు అది తినకూడదు అంటూ చివరికి ఏమీ తినకుండా కూర్చుంటే రాక ఏం చేస్తుంది?

పాలకొల్లు_పిల్ల
నేను ఒప్పుకోను. నాకు చాక్లెట్ తింటే వస్తుంది. చాలాసార్లు చూసుకున్నాను.

జనరల్_వార్డు
పాలకొల్లు గారూ, మీకు నిజంగానే పడకపోవచ్చు. కానీ ఒక చిక్కుంది. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందు రోజే, మెదడులో మైగ్రేన్ మొదలైపోతుంది. ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, మాటిమాటికీ ఒంటికి వెళ్ళాలనిపించడం, తీపి మీద మనసు పోవడం, ఇవన్నీ ఆ దశ లక్షణాలు. అప్పుడు చాక్లెట్ తింటారు, ఆ తర్వాత నొప్పి వస్తుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది. రుచి తేడా తెలియకుండా ఒకసారి చాక్లెట్, ఒకసారి చాక్లెట్‌లా ఉండే కేరబ్ అనే కాయల పొడి ఇచ్చి చూసిన పరీక్షలో రెండింటి మధ్యా తేడా కనబడలేదు. మెడ నొప్పి కూడా ఇంతే. మెడ పట్టేసి తలనొప్పి వచ్చిందనుకుని మెడకి ఎక్స్‌రేలు తీయించుకునేవాళ్ళు చాలామంది.

పాలకొల్లు_పిల్ల
ఆవలింతలు! అవునండీ, నాకు విడవకుండా వస్తాయి. ఈసారి చూసుకుంటాను. చాక్లెట్ మీద అనుమానం మాత్రం ఇంకా పోలేదు.

వైర్‌మ్యాన్_వరంగల్
నాకు మిణుకుమిణుకుమనే ట్యూబ్‌లైట్, ఎండలో రేకుల మీంచి కొట్టే తళుకు. కానీ రోజూ అవే మధ్య పని చేస్తా, రోజూ నొప్పి రాదు. చాలా రోజులు తల గోక్కున్నా. తర్వాత తెలిసింది ఏందంటే, రాత్రి నిద్ర చాలక, పొద్దున టిఫిన్ తినక, నీళ్ళు తాగక ఎండలో నిచ్చెన ఎక్కిన రోజే వస్తది. పాత ఇంట్ల మోటరు, గీజరు, గ్రైండరు ఒకేసారి వేస్తే ఫ్యూజు కొట్టేస్తది. అప్పుడు ఒక్క గ్రైండర్నే తిట్టి లాభం లేదు. ఒకటి ఆపితే మిగిలినవి నడుస్తయి. ఎండని నేను ఆపలేను గానీ టిఫిన్, నీళ్ళు, నిద్ర నా చేతిలో ఉన్నయి.

శ్రావణమేఘం
వైర్‌మ్యాన్ అన్నా, నా శుక్రవారం ఇదే! తెల్లవారుజామున లేస్తాను, పూజయ్యేదాకా కాఫీ కూడా తాగను, తడి జుట్టు, అగరొత్తుల పొగ. నేను తలంటు ఒక్కదాన్నే తిడుతున్నాను.

లెక్కల_టీచర్
అత్తగారికి జవాబు కూడా అక్కడే దొరికింది. ఆవిడ మెదడు ఆ బరువులన్నీ మోస్తుంది, మీది మోయదు. పుట్టుకతో వచ్చిన తేడా అది, ఎక్కువగా కుటుంబంలో నడుస్తుంది. మీ అమ్మగారికి ఉందా?

శ్రావణమేఘం
ఉంది. నలభై ఏడు, నలభై ఎనిమిది ఏళ్ళు వచ్చాక తగ్గింది. చిన్నప్పుడు ఆమె నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని పడుకుంటే మేం ఆడుకోవడానికి బయటికి వెళ్ళిపోయేవాళ్ళం. ఆ నొప్పితోనే లేచి మాకు వండిపెట్టేది. దాని పేరేమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మందులషాపు_మామ
ఇంతమంది రాశారు, ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కౌంటర్ వెనక నిలబడి చూసేది వేరే.

తలనొప్పి మాత్ర ఒకటి ఇవ్వండి అని వస్తారు. తర్వాత షీటు. తర్వాత వారానికో షీటు. పర్సులో, స్కూటర్ డిక్కీలో, ఆఫీసు డ్రాయర్‌లో ఎక్కడ చూసినా అదే మాత్ర. ఒకావిడ ఉండేది, పొద్దున లేవగానే నొప్పి వస్తుందేమోనని ముందే వేసుకునేది. ఆమెకి నొప్పి లేని రోజంటూ లేకుండా పోయింది. మాత్రే నొప్పిని తెస్తోందని న్యూరాలజిస్ట్ చెబితే ఇంటిల్లిపాదీ నమ్మలేదు. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటివి నెలలో 15 రోజులు గానీ, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్లు, ఎర్గొటమిన్, లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలలో 10 రోజులు గానీ, మూడు నెలలకి మించి వాడుతూ పోతే తలనొప్పి రోజువారీ అయిపోతుంది. మానేసిన మొదటి కొద్ది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది, అక్కడే చాలామంది ఓడిపోయి మళ్ళీ షాపుకి వస్తారు. డాక్టర్ అండతో మానేస్తే క్రమంగా దిగుతుంది. ఆవిడకీ దిగింది.

మాలాంటి షాపుల్లో అడిగిన వెంటనే ఇచ్చేస్తారు. దయచేసి క్యాలెండర్ మీద మాత్ర వేసుకున్న రోజుకి ఒక గీత పెట్టండి.

గుంటూరు_ఘాటు
మామా, మరి మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? మా అక్క మాత్రలకి భయపడి, ఓర్చుకుని ఓర్చుకుని ఇక తట్టుకోలేనప్పుడు వేసుకుంటుంది. అప్పుడు పని చేయదు.

మందులషాపు_మామ
అది రెండో చివర. నొప్పి మొదలైన వెంటనే, తక్కువగా ఉన్నప్పుడే వేసుకోవాలి. ముదిరాక కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర లోపలే పడి ఉంటుంది, రక్తంలోకి ఎక్కదు. అందుకే డాక్టర్లు దాంతోపాటు వాంతి తగ్గే మాత్ర కూడా రాస్తారు. త్వరగా వేసుకోవడం, తక్కువ రోజులు వేసుకోవడం, రెండూ పాటించాలి.

మునగాకు
అమృతాంజనం సంగతి ఒక్కరూ ఎత్తలేదే! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది. తెలుగువాడి తలనొప్పి గురించి మాట్లాడుతూ ఆయన్ని తలుచుకోకపోతే ఎలా? నాకు కణతలకి రాసుకుంటే ప్రాణం లేచి వస్తుంది.

జనరల్_వార్డు
చల్లదనం, వేడి తగిలితే చాలామందికి హాయిగా ఉంటుంది, రాసుకోండి. ఆ వాసనే పడనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి తడిగుడ్డో ఐసో మేలు. శొంఠి పట్టు మాత్రం మందంగా వేసి గంటలు గంటలు ఉంచొద్దు, నుదురు కాలి బొబ్బలెక్కినవాళ్ళని చూశాను.

కొత్తవంతెన
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి 66 ఏళ్ళు. జీవితంలో తలనొప్పి ఎరగరు. ఈ పది రోజులుగా తల మొత్తం బరువుగా ఉందంటున్నారు. పొద్దున ఎక్కువ. రెండు రోజులుగా కాస్త మగతగా ఉంటున్నారు, చెప్పు ఎడమ కాలి నుంచి జారిపోతోంది. గుండెకి రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు. మైగ్రేన్ ఈ వయసులో మొదలవుతుందా?

జనరల్_వార్డు
మైగ్రేన్ మాట మర్చిపోండి. ఈ రోజే, ఇప్పుడే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ రెండు మూడు నెలల్లో పడ్డారా, తలకి చిన్న దెబ్బైనా తగిలిందా అడగండి. రక్తం పలచబడే మాత్ర సంగతి అక్కడ మొదటే చెప్పండి. ఆలస్యం చేయొద్దు.

వైర్‌మ్యాన్_వరంగల్
వంతెన అన్నా, ఫోన్ పక్కన పెట్టి ముందు బయలుదేరు. 108కి కొట్టు.

లెక్కల_టీచర్
డాక్టర్ గారూ, ఇలా ఆగకూడని తలనొప్పులు ఏవో అందరికీ తెలిసేలా రాయండి.

జనరల్_వార్డు
ఒక్క నిమిషంలోపే భరించలేనంతకి చేరిన నొప్పి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. కాలో చెయ్యో పట్టు తప్పడం, మాట తడబడడం, ఫిట్స్, మగత. 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైంది. దెబ్బ తర్వాత వచ్చింది. రోజురోజుకీ పెరుగుతున్నది. గర్భిణులకి, కాన్పైన వారాల్లో వచ్చే కొత్త నొప్పి. బాలింతలకి గాలి సోకిందని, చన్నీళ్ళు తాగిందని ఇంట్లో పెట్టుకుంటారు. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు మా దగ్గరికి అలా ఆలస్యంగా వస్తారు. పాత మైగ్రేన్ ఉన్నవాళ్ళకైనా నొప్పి తీరు మారిపోతే చూపించుకోవాలి.

నైట్‌షిఫ్ట్_నాని
వంతెన గారూ, ఏమైందో రాయండి. అందరం చూస్తున్నాం.

డల్లాస్_డైరీ
ఆ కబురు వచ్చేలోగా, మందులు పనిచేయక నిరాశపడ్డవాళ్ళ కోసం ఒక మాట. నాకు నెలలో సగం రోజులు నొప్పే ఉండేది. రోజువారీ మాత్రలు రెండు రకాలు పడలేదు. ఒకదానికి బరువు పెరిగాను, ఇంకోదానికి వేళ్ళు తిమ్మిరెక్కి మాటలు వెతుక్కునేదాన్ని. ఇప్పుడు నెలకో ఇంజెక్షన్, నేనే తొడకి పొడుచుకుంటాను. మైగ్రేన్ సమయంలో ఆ ట్రైజెమినల్ నరం దగ్గర విడుదలయ్యే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని ఇది అడ్డుకుంటుంది. ఈ రకంలో మొదటిదైన ఎరెనుమాబ్‌కి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. ఈ దారి కనిపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకి 2021లో, మెదడు పరిశోధనకి ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఇవి మైగ్రేన్ మూలాన్నే గురిపెట్టి తయారైన నివారణ మందులు. అంతకుముందువి ఎక్కువగా బీపీకీ, ఫిట్స్‌కీ, డిప్రెషన్‌కీ వచ్చిన మందులు, మనకీ పనికొచ్చాయి.

నాకు నొప్పి పూర్తిగా పోలేదు, కానీ పిల్లల స్కూల్ ఫంక్షన్‌కి వస్తానని ఇప్పుడు ధైర్యంగా మాట ఇవ్వగలుగుతున్నాను. ఖర్చు ఎక్కువే, ఇన్సూరెన్స్‌తో పోరాడాల్సి వచ్చింది.

ఏలూరు_కాలువ
అమెరికాలో ఇంజెక్షన్ సరే తల్లీ, మా పల్లెలో బస్సే రాదు.

జనరల్_వార్డు
ఏలూరు గారూ, నొప్పి రాకుండా వాడే మందుల్లో పల్లెలో అందేవీ ఉన్నాయి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ పాతవి, చవక, బాగా పనిచేస్తాయి. అందరికీ అన్నీ పడవు, అందుకే మనిషిని చూసి రాయాలి. రోజూ వేసుకోవాలి, ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి పనిచేయలేదని ఆపేస్తే ఎలా?

పాలకొల్లు_పిల్ల
ఆడవాళ్ళ సంగతి ఒకటి సూటిగా అడుగుతాను, ఎవరూ ఇబ్బంది పడకండి. నాకు నెలసరికి రెండు రోజుల ముందు వచ్చే నొప్పి మిగతా వాటికంటే భయంకరంగా ఉంటుంది, మాత్రకి లొంగదు. ఇది కూడా అదేనా?

జనరల్_వార్డు
అదే. నెలసరికి ముందు ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, అది బలమైన ట్రిగ్గర్. మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళలో మైగ్రేన్ సుమారు మూడు రెట్లు ఎక్కువ కావడానికి హార్మోన్లే ముఖ్య కారణం. గర్భం నాలుగో నెల నుంచి చాలామందికి తగ్గుతుంది, ముట్లుడిగాక చాలామందికి శాంతిస్తుంది. శ్రావణమేఘం గారి అమ్మగారికి తగ్గింది అందుకే కావచ్చు. తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ నాలుగైదు రోజులకే మందు ఇచ్చే పద్ధతి ఉంది, మీ డాక్టర్‌ని అడగండి.

ఒక హెచ్చరిక. నాని గారు చెప్పిన ఆరా ఉన్న ఆడవాళ్ళు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. సిగరెట్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. పూజలకీ పెళ్ళిళ్ళకీ నెలసరి వాయిదా వేసే మాత్రలు షాపులో నేరుగా కొనుక్కుంటారు, అవి కూడా డాక్టర్‌కి ఆరా సంగతి చెప్పకుండా వేసుకోవద్దు.

లెక్కల_టీచర్
మా బడిలో ఆరో తరగతి పిల్లాడు నెలకోసారి కడుపునొప్పి అని ఏడుస్తాడు, మొహం పాలిపోతుంది, వాంతులు. రెండు మూడు గంటల తర్వాత మామూలే. లెక్కల పీరియడ్ తప్పించుకోవడానికని తోటి టీచర్లు నవ్వుతారు. వాళ్ళమ్మకి మైగ్రేన్ ఉందని మొన్ననే తెలిసింది. సంబంధం ఉంటుందా?

జనరల్_వార్డు
ఉండొచ్చు మాస్టారూ. పిల్లల్లో మైగ్రేన్ కడుపునొప్పి రూపంలోనూ వస్తుంది. తలనొప్పిగా వచ్చినా రెండు పక్కలా ఉండొచ్చు, తక్కువసేపే ఉండొచ్చు. వేరే కడుపు జబ్బులు లేవని పిల్లల డాక్టర్ తేల్చాలి. అతన్ని అనుమానించకుండా తల్లికి కబురు పెట్టండి.

కొత్తవంతెన
ఇప్పుడే కాస్త కూర్చున్నాను. సీటీలో మెదడు పక్కన రక్తం చేరిందన్నారు, సబ్‌డ్యూరల్ అట. రెండు నెలల కింద బాత్రూంలో జారి తల తగిలిందట, మాకు చెప్పనే లేదు. రాత్రే ఆపరేషన్ చేసి తీశారు. పొద్దున నన్ను పేరు పెట్టి పిలిచారు, కాలు కదుపుతున్నారు. మీరందరూ చెప్పకపోయి ఉంటే ఇంకో వారం అమృతాంజనం రాస్తూ ఉండేవాళ్ళం.

గుంటూరు_ఘాటు
హమ్మయ్య. ఇది చదివి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నాన్నగారు త్వరగా ఇంటికి రావాలి.

మునగాకు
చల్లగా ఉండాలి ఆయన.

శ్రావణమేఘం
వంతెన గారూ, ఎంత మంచి కబురు!

నేను కూడా నిన్న న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళొచ్చాను. మా అత్తగారు తోడొచ్చారు. డాక్టర్ గారు నన్ను చాలాసేపు అడిగి, కళ్ళ లోపల లైటు వేసి చూసి, కాళ్ళూ చేతులూ పరీక్షించి, మైగ్రేన్ అన్నారు. స్కాన్ అక్కర్లేదన్నారు. ఉపవాసం సంగతి అత్తగారే అడిగారు. "పాలు, పళ్ళు తీసుకుంటూ చేయమనండి, నీళ్ళు మానొద్దు" అన్నారు. దారిలో అత్తగారు "ఫలహారం చేసి ఉండడమూ ఉపవాసమే కదా" అన్నారు, అంతే. ఇక తలంటు శుక్రవారం తెల్లవారుజామున కాకుండా, ముందు రోజు సాయంత్రం, ఏదైనా తిన్నాక, గోరువెచ్చటి నీళ్ళతో పోసుకుని వెంటనే ఆరబెట్టుకోమన్నారు. ప్రొప్రనలాల్ రాశారు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. చలికాలంలో ఇప్పటికీ పిల్లికూతలు వస్తాయి. డాక్టర్ గారు అడిగారో లేదో, ఆ హడావిడిలో నేను చెప్పలేదు.

మందులషాపు_మామ
ఆ మాత్ర వేసుకోకండి అమ్మా. ముందు ఫోన్ చేసి ఈ మాట చెప్పండి.

జనరల్_వార్డు
మామ గారు చెప్పింది సరైనది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రొప్రనలాల్ శ్వాసనాళాలని బిగించేస్తుంది, ఇవ్వకూడదు. ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి ఇబ్బంది లేదు. రేపు ఓపీలో కలిసి చెప్పండి, వేరేది రాస్తారు. నొప్పికి వేసుకునే మాత్రలు కూడా ఉబ్బసం ఉన్న కొందరికి పడవు, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి. ఇంతకుముందు అవి వేసుకున్నప్పుడు ఆయాసం వచ్చిందా అన్నది గుర్తుచేసుకుని వెళ్ళండి. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే అదీ చెప్పండి, మైగ్రేన్ రాకుండా రాసే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ మందులు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి.

శ్రావణమేఘం
రెండూ కాగితం మీద రాసుకున్నాను. రేపు పొద్దున్నే వెళ్తున్నాం, టిఫిన్ తినే.